నాలుగు వందల పదిహేడో నంబరు బెల్టు

మా ఇంట్లో పిల్లల్ని కొట్టడానికి ప్రత్యేకంగా ఒక బెల్టు ఉండేది. తెల్లదొరల కాలంలో మా తాత కలకత్తా రేవులో కానిస్టేబులుగా పనిచేసినప్పుడు నడుముకి కట్టుకున్నది. నాలుగు వేళ్ళ వెడల్పు దళసరి తోలు. ముందు వైపు అరచేయంత ఇత్తడి బిళ్ళ. బిళ్ళ మీద ఉబ్బెత్తు అంకెలతో 417. మా నాన్న తోలు కొసని చేతికి చుట్టుకుని బిళ్ళ వైపుతో కొట్టేవాడు. ఉత్త తోలుతో కొడితే మాకు పొగరు దిగదని ఆయన నమ్మకం. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు గానీ నాకా మొహమాటం లేదు. మా నాన్న దుర్మార్గంగా కొట్టేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు, రేవు పక్కన మెటియాబ్రుజ్‌లో మా సందు చివరనున్న దర్జీ దుకాణానికి గుండీలు కుట్టడం నేర్చుకుందామని ఇంట్లో చెప్పకుండా వెళ్ళాను. నాన్న జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. మొహం మీద పడబోయిన దెబ్బకి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. మోచేతి కింద అంకెలు వాచి లేచాయి, తిరగబడి. ఏడుస్తూనే అద్దం దగ్గరికెళ్ళి చూసుకుంటే అందులో సరిగ్గా కనిపించాయి. 417. మా అన్నయ్య గుమ్మంలో నిలబడి పళ్ళికిలించాడు.

"ఓలె, నీకూ నంబరిచ్చీసినారే! రేపట్నుంచి డూటీకెల్లిపో."

వాడికి కిందటి నెలే అదే నంబరు వీపు మీద పడింది. అందుకని వాడు నవ్వినా నాకు కోపం రాలేదు. ఇద్దరం కలిసి కొబ్బరినూనె రాసుకున్నాం.

ఆ బెల్టుకి ఏడాదికొక రోజు పూజ జరిగేది. విశ్వకర్మ పూజ నాడు ఇక్కడ రేవు పనివాళ్ళందరూ పనిముట్లు కడిగి, సిందూరం పెట్టి, బంతిపూలు వేస్తారు. ఆకాశం నిండా గాలిపటాలు. మా ఇంట్లో, లోపలి గదిలో, సుత్తికీ పటకారుకీ పక్కన ఆ బెల్టు పెట్టేవారు. బిళ్ళని చింతపండుతో తోమే పని నాదే. అప్పుడు నాన్న చేతులు కట్టుకుని నిలబడి, ప్రతి ఏడూ అదే కథ చెప్పేవాడు.

దొరల చివరి రోజుల్లో బియ్యం ధర ఆకాశానికంటిందట. కానిస్టేబుళ్ళ జీతం మాత్రం ఉన్నచోటే ఉంది. తెల్ల సార్జెంట్లకి స్కేలు పెంచారు, కరువు భత్యం ఇచ్చారు. మనవాళ్ళకి పురుగుల బియ్యం ఇచ్చి సరిపెట్టుకోమన్నారు. అర్జీలు పెట్టారు. ఒక దొర అర్జీ చదవకుండానే, మీరు తినడం తగ్గించండని నవ్వాడట. దాంతో అందరూ ఒక మాట అనుకున్నారు. పొద్దున్న హాజరు పిలిచే మైదానంలో బెల్టులు విప్పి నేల మీద పెట్టెయ్యాలి, స్కేలు తేలేదాకా మళ్ళీ కట్టుకోకూడదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మనవాళ్ళు కొద్దిమందే. వాళ్ళు కూడా పెట్టారు.

"మీ తాత అందరికన్నా ముందు విప్పీసి దొర కాళ్ళకాడ పడీసినాడు. గుర్రాలతో తొక్కించినా కదిలినోడు కాదు," అనేవాడు నాన్న.

"మరి అక్కడ పడేస్తే బెల్టు మనింటికెలగొచ్చినాది?" అని ఒకసారి అడిగాను.

చెంప ఛెళ్ళుమంది. పూజ రోజున, దేవుడి ముందే. చెవిలో సాయంత్రం దాకా గుయ్యిమంటూనే ఉంది. ఆ మూల కూర్చున్న తాత తల ఎత్తలేదు. ఆయన ఆ బెల్టుని ముట్టుకోవడం నేను జన్మలో చూడలేదు.

మా గోడకి ఆనుకున్న ఇంట్లో ఇంకొక తాత ఉండేవాడు. మా తాతదీ ఆయనదీ ఒకే ఊరు. ఒకే రోజు పోలీసులో చేరారు, ఒకే సందులో కాపురాలు పెట్టారు. ఆయన కుడి చెయ్యి ఎండిన అల్లం కొమ్ములా వంకర తిరిగి ఉండేది. ఆయనతో సందులో ఎవరూ మాట్లాడేవారు కాదు. పెళ్ళికి పిలుపు లేదు, చావుకి కబురు లేదు. ఎందుకంటే సమ్మె రోజున కింద పెట్టిన బెల్టు మళ్ళీ ఎత్తుకుని కట్టుకున్నాడని ఆయన మీద మచ్చ.

ఆ మచ్చ ఎలా పడిందో సందులో అందరికీ కంఠతా వచ్చు. దొర మూడు ఈలలు వేయించాడు. మూడో ఈల లోపల బెల్టు కట్టుకున్నవాడికి ఉద్యోగం ఉంటుంది, వాణ్ణి గేటు లోపలికి పంపుతారు. కట్టుకోనివాణ్ణి గుర్రాల కింద తొక్కిస్తారు. మూడో ఈల పడగానే గుర్రాలు వదిలారు. దుమ్ము, లాఠీలు, కేకలు. పుర్రెలు పగిలాయి. ఎవడి పక్కన ఎవడున్నాడో ఎవడికీ తెలీదు. దొరలకి మన మొహాలు అక్కర్లేదు, నంబర్లు చాలు. గేటు లోపల నడుముల మీదున్న నంబర్లు రాసుకున్నారు, మైదానంలో మిగిలిన బెల్టుల నంబర్లు రాసుకున్నారు. మధ్యాహ్నానికి రెండు జాబితాలూ గేటుకి అంటించారు. పక్కింటి తాత నంబరు లొంగిపోయినవాళ్ళ జాబితాలో ఉంది. మా తాత నంబరు డిస్మిస్ అయినవాళ్ళ జాబితాలో ఉంది.

ఆ సాయంత్రం పక్కింటి తాతని సందులో కుళాయి దగ్గర పట్టుకున్నారు. అప్పటికే ఆయన తల పగిలి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. గుర్రాల కింద పడ్డవాడికే తల పగులుతుందన్న ఇంగితం కూడా ఎవడికీ లేకపోయింది. సొంత మనుషులే, ఒక ఊరివాళ్ళే. వెదురు కర్రలతో కాళ్ళ మీద కొట్టి కూలేశారు. కుడి చెయ్యి కుళాయి గట్టు మీద పెట్టి, ఇద్దరు అదిమి పట్టుకుంటే, మూడోవాడు ఇటుక తీసుకుని వేళ్ళ మీద కొట్టాడు.

"జీతం పుచ్చుకునే సెయ్యి ఇదే కదేటి! పుచ్చుకో!"

ఒకసారి కాదు, ఎముక పిండయ్యేదాకా. నెలలు నిండిన ఆయన భార్య మీద పడి అడ్డుకోబోతే కాలితో తన్నారు. ఆ వారంలోనే పుట్టిన బిడ్డ ఇప్పటికీ పక్కింట్లోనే ఉన్నాడు. నేను చిన్నాన్న అని పిలుస్తాను. రక్తసంబంధం లేదు. ఎనభైకి దగ్గరపడ్డాడు.

నా బెల్టు కిందే పెట్టీసినాను, మళ్ళీ ముట్టుకోనేదు అని పక్కింటి తాత పోయేదాకా చెప్పాడు. అయితే రెక్కలొచ్చి ఎగిరిపోయిందేటి అని ఆయన పోయేదాకా సందు నవ్వింది.

మా తాతకి మాత్రం దొరలు వెళ్ళిపోయాక రేవులో కాపలా ఉద్యోగం ఇచ్చారు, సమ్మెలో నిలబడ్డ మనిషని. తాత ప్రతి ఆదివారం చేపలు కొని, సగం అరటాకులో చుట్టి, గోడ అవతలికి నాతో పంపేవాడు. నాన్నకి తెలియనివ్వకుండా ఇవ్వమనేవాడు. పక్కింటి తాత ఎడమ చేత్తో అందుకుని, ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు.

"ఈ సందు మొత్తానికీ మీ తాతొక్కడే మడిసమ్మీ."

ఆ మాట ఇంటికొచ్చి తాతకి చెప్పేదాన్ని, సంతోషిస్తాడని. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. వెర్రిదాన్ని, నాకేం తెలుసు?

నాకు పదిహేడేళ్ళప్పుడు తాత మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం నాన్న చెయ్యి పట్టుకుని, "ఆ బెల్టు నాతోటెట్టి కాల్చీయండి బావూ," అన్నాడు. అంత ప్రేమా అనుకుని మా అమ్మ కళ్ళొత్తుకుంది. నాన్న చెయ్యి విదిలించుకున్నాడు.

"అది మనింటి పరువు. ఎలగ కాల్చీమంటావు?"

తాత గోడ వైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. రెండు రోజుల తరవాత పోయాడు. పాడె మొయ్యడానికి పక్కింటి తాత వచ్చాడు. ఆ వంకర చేత్తో వెదురు పట్టుకోబోతే నాన్న గుండెల మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు. ముసలాయన బురదలో వెల్లకిలా పడ్డాడు. ఒక్కరూ లేపలేదు. నేనూ లేపలేదు. ఆ తరవాత ఏడాది తిరక్కుండా ఆయనా పోయాడు.

ఇప్పుడు నాకు యాభై దాటి చాలా కాలమైంది. నాన్న లేడు. నాకు సొంత దర్జీ దుకాణముంది, పంజాబీలు కుడతాను, అంటే ఇక్కడివాళ్ళు పండగలకి తొడుక్కునే లాల్చీలు. సందులో తెలుగు రాయడం వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే కాబట్టి అర్జీలు రాసే పని కూడా నా నెత్తినే పడింది. అన్నయ్య మా వీధి సంఘానికి పెద్ద. కిందటేడు సంఘంవాళ్ళు ఒక రాతి పలక చెక్కిద్దామనుకున్నారు, జీతాల సమ్మెలో నిలబడ్డ మనవాళ్ళ పేర్లతో. తెలుగులో చెక్కితే మన పిల్లలే చదవలేరని బెంగాలీలో చెక్కిద్దామన్నారు. మొదటి పేరు మా తాతది. విశ్వకర్మ పూజ నాడు పలక నిలబెట్టాలని ముహూర్తం.

పూజకి మూడు వారాల ముందు చిన్నాన్న దుకాణానికి వచ్చాడు. ప్లాస్టిక్ కవరులోంచి మడతలు చిరుగుతున్న కాగితం తీశాడు.

"అమ్మీ, ఆ రాయి మీద మా నాన్న పేరు కూడా ఎట్టమని అర్జీ రాసిపెట్టవా? నానెల్లిపోయే వయసొచ్చినాది. ఆ పేరు సూసి ఎల్లిపోతాను. ఇంకేటీ అడగను."

"ఈ కాగితమేటి సిన్నాన్నా?"

"మా నాన్నకి ఉద్యోగమిచ్చిన కాగితం. ఇంగిలీసు. నాకు రాదు కదా. పోలీసోడే అన్న సాక్ష్యానికి."

చదివాను. పేరు, ఊరు, తండ్రి పేరు. కింద, నంబరు 417.

మిషను మీద కాలు ఆగిపోయింది. మళ్ళీ చదివాను. ఆ అంకెలు నా చేతి మీద లేచినవి. ముప్ఫై పూజలకి చింతపండుతో తోమినవి. ఇద్దరూ ఒకే రోజు చేరారు, పక్కపక్క నంబర్లు ఇచ్చి ఉంటారు, మైదానంలో పక్కపక్కనే నిలబడి ఉంటారు, బెల్టులు పక్కపక్కనే పెట్టి ఉంటారు. మూడో ఈలకి మా తాతకి గుండె జారిపోయింది. వంగి, చేతికందిన బెల్టు లాక్కుని కట్టుకుని గేటు లోపలికి పరిగెత్తాడు. కంగారులో పక్కవాడిది ఎత్తుకున్నాడు, అదే చొక్కా కింద దాచి ఇంటికి తెచ్చుకున్నాడు. లొంగిపోయినవాడి బెల్టు నేల మీద మిగిలి వాణ్ణి వీరుణ్ణి చేసింది. లొంగనివాడి బెల్టు గేటు లోపలికి పోయి వాడి చెయ్యి విరగ్గొట్టించింది. ఇటుకతో కొడుతున్నప్పుడు మా తాత ఎక్కడున్నాడు? ఆ కుళాయి మా గుమ్మానికి ఎదురుగానే ఉంది.

అయినా నోరు విప్పలేదు. ఇది మాత్రం నా తప్పే, ఎవరి మీదా తొయ్యను. గుండ్రటి అక్షరాలతో చక్కగా అర్జీ రాసి, మడిచి ఇచ్చి, ఆ ముసలాయన్ని ఒంటరిగా సంఘానికి పంపించాను. తాత పేరు పోతుందేమోనని భయపడ్డాను. నేనూ ఆయన మనవరాలినే మరి.

గంటలో తిరిగొచ్చాడు. కింది పెదవి పగిలి గడ్డం మీదికి రక్తం కారుతోంది. ఒక పన్ను కదిలిపోయింది.

"మీ అన్న కొట్టినాడమ్మీ," అన్నాడు, పెద్ద విశేషం కాదన్నట్టు. "అర్జీ సదవమన్నాను, సదివినాడు. కాగితం సూపించినాను. అది సూసీసరికి ఏటయిందో, లెగిసి రెండు పీకినాడు. కాగితం సింపీసి కాలవలో పడీసినాడు."

తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే నాకు కోపం ముంచుకొచ్చింది. ఎందుకంటే నాకు అర్థమైంది. ఉత్తి అర్జీకి మా అన్నయ్య నవ్వి పంపేసి ఉండేవాడు. ఆ నంబరు చూశాకే చెయ్యెత్తాడు. అప్పుడు చిన్నాన్నకి అంతా చెప్పేశాను. బెల్టు సంగతి, బిళ్ళ మీద అంకెల సంగతి, నేను మింగేసిన సంగతి.

"ఆదివారం సేపలు," అన్నాడాయన. "మా అమ్మ ఆటిని కళ్ళకద్దుకుని వండీది."

పూజ నాడు సంఘం గదిలో సందంతా ఉంది. మైకులో పాటలు, డాబాల మీద గాలిపటాల గోల. గోడకి రాతి పలక ఆనించి, మీద ఎర్రగుడ్డ కప్పారు. ముందు బల్ల మీద మా బెల్టు, బంతిపూల దండతో. నేను చిన్నాన్న చెయ్యి పట్టుకుని నేరుగా బల్ల దగ్గరికి నడిచాను. దండ తీసి అవతల పడేసి బెల్టు ఎత్తాను.

"ఈ నంబరు మా తాతది కాదు. ఈయన నాన్నది. మా తాతే ఎత్తుకుని కట్టుకున్నాడు. చెయ్యి మాత్రం ఈయన నాన్నకి విరగ్గొట్టారు. ఆ రాయి మీద ముందు ఆయన పేరు చెక్కండి."

ఎవరో మైకు ఆపేశారు. అన్నయ్య మొహం నల్లబడింది.

"మతి పోయిందేటే నీకు? ఆ నంబరు ఆలదని సాక్ష్యమేటి? కాగితమేదీ?"

"నువ్వే చింపీసినావు కదా! ఎందుకు చింపీసినావో నలుగురికీ చెప్పు."

"ఇలగియ్యి!"

బెల్టు లాక్కున్నాడు. తోలు కొస చేతికి చుట్టుకున్నాడు, అచ్చం నాన్నలాగే. నవ్వొచ్చింది నాకు, ఆ క్షణంలో కూడా. అరవై నిండబోతున్నాయి వెధవకి, చెయ్యి మాత్రం నాన్నదే. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను, పాత చోటే. ఎముక చిట్లిన చప్పుడు నాకే వినిపించింది. మూడోది చిన్నాన్న అడ్డం రాబోతే ఆయన చెవి మీద పడింది. చెవి చీలి తెల్ల చొక్కా ఎర్రబడిపోయింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఇద్దరు కుర్రాళ్ళు "అన్నా, చాలన్నా" అంటూ వెనకనుంచి పట్టుకుంటే వాడు గింజుకుంటూ అరిచాడు.

"ఎత్తుకున్నాడే! ఎత్తుకున్నాడు, అయితేటి? ఇంట్లో గింజ నేదు, కడుపుతో మామ్మున్నాది, గుర్రాల కిందెట్టి తొక్కుతున్నారు! నువ్వయితే ఏటి సేసీదానివే? నాన్నకి తెలుసు. నాకు సెప్పీ పోయినాడు. నీకొక్కదానికే తెలీదు, పెద్ద వచ్చీసింది!"

అరిచాక గానీ ఏమన్నాడో వాడికి తెలియలేదు. నాన్నకి తెలుసట. తెలిసే తాత చివరి కోరిక కాదన్నాడు, తెలిసే ఆ ముసలాయన్ని బురదలోకి తోశాడు, తెలిసే ప్రతి పూజకీ ఆ కథ చెప్పాడు, తెలిసే ఆ పక్కింటాయన నంబరుతో మా ఒళ్ళు వాయించాడు. నాకు చేతి నొప్పి కన్నా అదే ఎక్కువ మండింది. "థూ" అన్నాను.

చిన్నాన్న చెవిని చేత్తో అదిమి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. వాచిపోతున్న నా చేతిని వెలుగులోకి తిప్పాడు. అంకెలు లేచి ఉన్నాయి, తిరగబడి.

"ఇదేనా అమ్మీ?"

"ఇదే సిన్నాన్నా. నాలుగు వందల పదిహేడు."

తల ఊపాడు. తరవాత అన్నయ్య ముందుకెళ్ళి చెయ్యి చాపాడు. అన్నయ్య వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. బెల్టు చిన్నాన్న చేతిలోకి వచ్చింది. బిళ్ళ మీద రక్తం ఉంది, ఆయనదే. ఆయన కూడా తోలు కొస చేతికి చుట్టుకుంటాడనుకున్నాం అందరం. అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. నిజం చెప్పొద్దూ, కొడితే బాగుండునని నాకనిపించింది.

చిన్నాన్న బెల్టుని నడుముకి చుట్టుకున్నాడు. బక్కమనిషి, ఒకటిన్నర చుట్టు తిరిగింది. బిళ్ళ తగిలించుకున్నాడు. ఒక్క క్షణం నిటారుగా నిలబడ్డాడు. మళ్ళీ విప్పాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుంటూ మెల్లగా వంగి, దాన్ని నేల మీద, అంకెలు పైకి కనపడేలా పెట్టాడు.

"మా నాన్న ఇలగెట్టినాడు," అన్నాడు. "మళ్ళీ ముట్టుకోనేదు."

ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు. ఆయన దాటి వెళ్ళాక కూడా మేమంతా దాని చుట్టూ నిలబడే ఉన్నాం. దాన్ని తియ్యడానికి ఒక్కరూ వంగలేదు.